మా అవ్వ దిగని ఫోటో

పోయిన ఎండకాలం ఒక మేడం మా గల్లీల ఇల్లిల్లు అడుక్కుంట వచ్చింది. "తుమ్మలవాడ వాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ ఇక్కడ?" అని. నేను అరుగు మీద కూసోని చింతపండుల గింజలు తీస్తున్న. ఆ పేరు ఇంకొకల నోట విని ఎన్నేండ్లయిందో, నా చెవులను నేనే నమ్మలే. తుమ్మలవాడ ఇప్పుడు ఏ బస్సు బోర్డు మీద లేదు, ఏ కాయితంల లేదు. బొగ్గు కోసం ఓపెన్‌కాస్టు తవ్వినప్పుడు పోయిన ఊరు అది. ఇండ్లున్న జాగల మట్టి పోసి గుట్ట చేసిండ్రు, పొలాలున్న జాగ పెద్ద బొంద అయింది. ఊరోళ్లు తలో దిక్కు పోయిండ్రు. నా ఈడోళ్లు సగం మంది మట్టిల కలిసిండ్రు. "నేనున్న" అన్న. నా గొంతు చిన్నప్పటి నుంచే బొంగురు, మొగోని గొంతు లెక్క ఉంటది, ఆ మేడం ఉలిక్కిపడ్డది. "నేను తుమ్మలవాడ లస్మవ్వ బిడ్డను. కొమురమ్మ అంటరు. లోపటికి రా, ఎండ కొడుతున్నది" అన్న.

నేను ఉండేది నా బిడ్డ స్వరూప ఇంట్ల. ఆమె అంగన్‌వాడీ టీచరు. మా ఆయన రాజయ్య పోయినంక నన్ను ఇక్కడికి తెచ్చుకున్నది. స్వరూప కూలరు పెట్టి, మేడంకు చల్లటి నీళ్లిచ్చింది. మేడం సంచిల నుంచి ఫోటోలు తీసి మంచం మీద పరిచింది. అన్నీ నలుపు తెలుపువే. "మా నాన్నగారు తీసినవి అండీ. ఆయన పోయారు. పెట్టెలు సర్దుతుంటే దొరికాయి. గనుల కింద పోయే పల్లెలు తిరిగి, వ్యవసాయం చేసుకునేవాళ్లు ఎట్లా బతికారో తర్వాతవాళ్లు చూడాలని తీశారు. ఇప్పుడు పుస్తకం వేస్తున్నాను. ఫోటోల్లో ఉన్నవాళ్ల పేర్లు కావాలి" అన్నది. నేను ఒక్కొక్కటి కండ్లకు ఆనించుకొని చూసిన. నాగలి భుజాన ఏసుకున్న సాయిలు కాక. కల్లంల చాటలు పట్టుకొని వడ్లు ఎగబోస్తున్న ఆడోళ్లు. ఉల్లిగడ్డ, మిరపకాయ ముంగట పెట్టుకొని జొన్న గటక తింటున్న ఎంకటి తాత. అందరి పేర్లు చెప్పిన, ఇంటి పేర్లతోని చెప్పిన. మేడం రాసుకుంట పోయింది. నా కండ్లు మాత్రం ఇంకొక ఫోటో కోసం దేవులాడుతున్నయి. ఆఖరికి అడిగిన: "మేడం, నాటేసే మడిల ఒక ఆడామె ఉంటది. ఎన్కకు మర్లి చూసినట్టు. గసొంటిది ఏమన్న ఉన్నదా?" "ఉన్నట్టే గుర్తు. హైదరాబాద్‌లో ఉండిపోయింది. ఇంకో నెలకు వస్తాను కదా, అప్పుడు తెస్తాను." "ఆమె మా అవ్వ, నన్ను కన్నతల్లి" అన్న.

మా అవ్వ ఫోటో నా దగ్గర ఒక్కటి లేదు. ఆమె పోయి ఎన్నో ఏండ్లయింది. చేతులు యాదికున్నయి, నడక యాదికున్నది, కోపానికి వచ్చినప్పుడు పమిట కొంగు నడుముకు చెక్కే తీరు యాదికున్నది. ముఖమే పోతున్నది. కండ్లు మూసుకొని తెచ్చుకుందామంటే ముఖం కాడ సున్నం పూసినట్టు తెల్లగ ఉంటది. ఒక్కపారి ఆ ముఖం చూస్తే సాలు అని నా పానం కొట్టుకుంటది. ఇంకొకటి గూడ ఉన్నది. ఆ ఫోటో తీపిచ్చింది నేనే. ఆ ఫోటోతోనే తన భూమి పోయిందని మా అవ్వ సచ్చేదాక అనుకున్నది. మా ఇంట్ల ఈ ముచ్చట రాజయ్యకు తెలుసు, నాకు తెలుసు. నా బిడ్డకు గూడ చెప్పలే. ఇప్పుడు చెప్తున్న, ఆమె రాస్తున్నది. నాకు సంతకం తప్ప రాత రాదు.

మా నాయిన నేను పాలు మర్వకముందే పోయిండట. మా అవ్వకు నేనొక్కదాన్నే. ఎకరంన్నర తరి పొలం, వాన మీద పండే రెండెకరాల చెలుక, ఒక బర్రె, రెండు ఎడ్లు, ఒక మట్టి ఇల్లు. మొగదిక్కు లేని ఇల్లని ఎవ్వలన్న అంటే మా అవ్వ ఊకోకపోయేది. "నాగలి మేడికి ఆడా మొగా ఎరికనా? పట్టినోని మాట ఇంటది" అనేది. పొద్దుగాల కోడి కూయకముందే లేసేది. బర్రె కాళ్ల కాడి పేడ ఎత్తి వాకిట్ల సాంపి చల్లి, పొయ్యి ముట్టిచ్చేది. తడి పిడకల పొగ, పులిసిన అంబలి వాసన, మూలకు పెట్టిన గొంగడి వాసన, ఈ మూడు కలిస్తేనే మా ఇల్లు. గా గొంగడి వాన పడ్డదంటే తడిసిన గొర్రె లెక్క కంపు కొట్టేది. మా అవ్వ దాన్ని కొప్పెర పెట్టుకొని, అంటే నెత్తి మీద నుంచి మోకాళ్ల దాక టోపీ లెక్క కప్పుకొని, ముసురుల గూడ పొలంకాడికి పోయేది. ఇంటి పక్కపొంటి ఉన్నవాళ్లు "లస్మీ, వాన తగ్గినంక పో రాదే" అంటే, "వాన నాకోసం ఆగదు, నేను వానకోసం ఆగుతనా" అనుకుంట పోయేది.

ఆమె తంబాకు నమిలేది. నాట్ల దినాలల్ల చేతులకు బురద ఉంటది గనుక, నేను పక్కన నిలబడి ఆమె నోట్ల తంబాకు పెట్టాలె. పెట్టంగనే నా వేలు కొరికినట్టు చేసేది. నేను కెవ్వుమంటే అందరు నవ్వేటోళ్లు. నన్ను 'కొమ్రీ' అని పిలిచేది. పేరు పొడుగు తీసి, 'కొమ్రీ…' అని వాగు దాక వినవడేటట్టు. గా పిలుపుల తిట్టు ఉంటే తిట్టు, ముద్దు ఉంటే ముద్దు, వినంగనే నాకు తెలిసిపోయేది. మా తరి పొలంల ఒక మడి ఒడ్డు మీద ఈతచెట్టు ఉండె. దాన్ని ఈతచెట్టు మడి అనేటోళ్లం. ఏ ఏడు నాటేసినా మా అవ్వ ఆ మడిలనే మొదలు దిగేది, చెప్పులిడిసి, ఒడ్డుకు మొక్కి.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటరు. గని పనికి పోవుడంటే బాయి దిగుడు. పొలంల నాటు పెట్టుడంటే మడి దిగుడు. ఫోటో తీయించుకునుడు గూడ దిగుడే. ఊరు పోతదని తెలిసిన ఏడు, సర్వే సార్లు వచ్చి ఎవ్వల భూమిల వాళ్లను నిలవెట్టి, చేతికి పలక ఇచ్చి, పలక మీద సర్వే నంబరు సుద్దతోని రాసి ఫోటో తీసిండ్రు. ఇల్లు ముంగట ఒకటి, పొలంల నీళ్ల బాయి ముంగట ఒకటి. ఆ ఫోటో భూమి ఎవ్వలదో చూసుకునేతందుకు అని సార్లు చెప్పిండ్రట. మా ఊరోళ్లకు గది తలకెక్కలే. పలక పట్టుకొని ఫోటో దిగినోడు భూమి ఇచ్చినట్టే అని పట్టుకున్నరు. ఇగ ఊరంత అదే మాట. ఇద్దరు ఎదురువడ్డరంటే, "నువ్వు దిగినవా?" "నేనింక దిగలే." "సాయిలు కాక దిగిండట." "దిగకేం జేస్తడు, కొడుక్కు నౌకరి కావాలె గద." దిగుడు అంటే భూమి ఇడుసుడు. సర్వే వచ్చిన నాడు మా అవ్వ మా మేనమామ ఊరికి పోయి కూసున్నది. ఆమె దిగలే.

గప్పుడే ఆ ఫోటోల సారు వచ్చిండు. సన్నగ, గడ్డంతోని, పాత స్కూటరు మీద. మెడల రెండు ఫోటో డబ్బాలు. బడిపంతులు ఇంట్ల మకాం పెట్టిండు. "నేను కంపెనీ మనిషిని కాదమ్మా, మీ ఊరు పోతుంది కదా, గుర్తుకు తీసుకుంటున్నా" అని ఇంటింటికి చెప్పిండు. ఎవ్వలు నమ్మలే. మా ఇంటెన్క కనకవ్వ ముఖం మీదనే అన్నది: "కంపెనోనివి కాకుంటే మా పేడకుప్పలు ఫోటో తీస్కపోయి పూజ చేస్తవా సారూ?" ఆయన నవ్విండు. అంతకుముందే దిగినోళ్లకు ఇగ బుగులేం లేకుండె. వాళ్లు తలకు నూనె రాసుకొని, మొగోళ్లు పెండ్లి అంగీలు తొడుక్కొని వచ్చి నిలవడేటోళ్లు. సారేమో "పని చేసుకునే బట్టలతో ఉండండి" అనేటోడు. "చింపిరి అంగీతోని దిగితే మా ఇజ్జతు ఏం గావాలె సారు" అని సాయిలు కాక కొట్లాట పెట్టుకున్నడు. దిగనోళ్లు మాత్రం ఆయన స్కూటరు సప్పుడు వినంగనే తలుపేసుకునేటోళ్లు. మా అవ్వ వడ్ల గుమ్మి ఎన్క దాక్కునేది. అంత గట్టి ఆడిది, పులిని చూసినట్టు భయపడేది. నాకు నవ్వొచ్చేది. తర్వాత కోపం రాబట్టింది.

కోపం ఎందుకంటే నాకు పదారేండ్లు. మా మేనమామ కొడుకు రాజయ్య బావకు నన్ను ఇచ్చుడు ఎన్నడో అయిపోయిన మాట. ఇల్లిటం అల్లునిగ మా ఇంటికే వస్తడు, భూమి పోతే దాని కింద నౌకరి ఆయనకు వస్తది. నౌకరి వస్తే గోదావరిఖనిల క్వార్టరు, ఇంట్ల నల్లా, పొద్దున సైరను, నెలకు ఒక సినిమా. నేను ఒకపారి అక్కడ మా సోపతి పిల్ల ఇంటికి పోయి, నల్లా తిప్పి, నీళ్లు వస్తుంటే చేయి పెట్టుకొని శానసేపు నిలవడ్డ. వాగుల చెలిమ తోడి బిందెలు మోసి మోసి నా నెత్తి మీద ఎంటికెలు ఊడినయి. రాజయ్య బావ వచ్చినప్పుడల్ల ఒకటే మాట అంటుండె: "మా మేనత్త దిగితే నేను దిగుత." ఆమె ఫోటోల దిగితే ఆయన బాయిల దిగుతడు. నవ్వుకుంటనే అనేటోడు, కాని నా కండ్లల్ల చూసి అనేటోడు.

ఏ డబ్బాల అయినా ఒకపారి ఫోటో దిగితే మా అవ్వ ఇగ మొండికెయ్యదు అనుకొని, నేను పోయి సారుకు చెప్పిన. ఇది నేను చేసిన పని, నన్ను ఎవ్వలు చెయ్యమనలే. "సారూ, మా అవ్వకు సిగ్గు ఎక్కువ. అడిగితే ఒప్పుకోదు. రేపు పొద్దుగాల ఈతచెట్టు మడిల నాటు. మోకాళ్ల లోతు బురద, చేతుల నారు ఉంటది. ఉర్కలేదు. నువ్వు ఎన్క దిక్కు ఒడ్డు మీదికి రా." ఆయన జర ఎనకముందాడిండు. "ఆమెకు ఇష్టం లేకపోతే ఎందుకమ్మా" అన్నడు. "ఇష్టమే సారు, సిగ్గు గంతే. తీసినంక సంబరపడుతది" అన్న. గా మనిషి తప్పేం లేదు. నేను చెప్పింది నమ్మిండు.

తెల్లారి ముసురు. ఆకాశం నేల మీద కూసున్నట్టు ఉండె. ఏడుగురం ఆడోళ్లం వరుసగ మడి దిగినం. మా అవ్వ గొంగడి కొప్పెర పెట్టుకున్నది. నాటు పెట్టేటోళ్లు ముంగటికి నడువరు, ఎన్కకు నడుస్తరు. పెట్టిన మొలక మీద కాలు పడొద్దు గద. నడుం వంచి, తల కిందికేసి, ఎడమ చేతుల నారు కట్ట, కుడిచేత్తోని మూడు నాలుగు పోసలు తీసి బురదల గుచ్చుకుంట ఒక్కొక్క అడుగు ఎన్కకు. సారు వచ్చి ఎన్క ఒడ్డు మీద ఈతచెట్టు కింద నిలవడ్డడు. నేను తల వంచుకొని కాళ్ల సందు నుంచి చూసిన. మా అవ్వ తనంతట తానే ఆ డబ్బా దిక్కు అడుగు అడుగు పోతున్నది. ఒక్క మాట అంటే ఆగిపోయేది. అనలే. నారు గుచ్చుకుంట ఉన్న. నా వరుస అడ్డదిడ్డం అయింది.

కనకవ్వ ముందు చూసింది. "లస్మీ! ఎన్క జూడే, నీ ఎన్క!" అని ఒర్లింది. నాకు తల ఎత్త మనసు రాలే. బురద నీళ్లల్లనే చూసుకుంట ఉన్న. నీళ్లు కదిలినయి, మా అవ్వ గిర్రున మర్లినట్టు తెలిసింది. 'టక్కు' మన్నది. ఒక్కటే సప్పుడు. ఒడ్డు మీద నుంచి సారు సంబరంగ అన్నడు, "వచ్చిందమ్మా! వచ్చింది!" అని. నేను తల ఎత్తేసరికి మా అవ్వ సారు దిక్కు చూస్తలేదు, నా దిక్కు చూస్తున్నది. అందరు నోళ్లు తెరిచిండ్రు, నేనొక్కదాన్నే తెరువలే. ఆమెకు గదే సాలింది.

"పిలిచింది నువ్వేనా?"

నేను చేతుల నారు కట్ట అటు ఇటు తిప్పుకుంట ఉన్న.

"నీ నోట్ల మన్ను వడ, పలుకవేందే? నువ్వేనా?"

"బావకు నౌకరి…" అన్న.

సారు బుగులు పడి, "ఏమైందమ్మా, తప్పైతే చెప్పండి" అంటనే ఉన్నడు. మా అవ్వ ఆయనను చూడనే లేదు. మళ్ల నడుం వంచింది. మిగిలిన మడి నాటు ఆఖరు దాక పెట్టింది, ఒడ్డు తాకేదాక. సగంల ఇడిస్తే మడి ఏడుస్తదని అనేది ఆమె. ఒడ్డు ఎక్కినంక కాలువల కాళ్లు చేతులు కడుక్కొని ఇంటికి పోయింది. ఆనాడు తంబాకు అడుగలే.

ఆ పంట కోసినం. అదే ఆఖరు పంట. భూమి కాయితాల మీద వేలిముద్ర పెట్టే దినం వచ్చినప్పుడు, పొమ్మన్నా పోదని రాజయ్య బావ నలుగురు పెద్దమనుషులను ఎంటవెట్టుకొని వచ్చిండు. ఆమె అప్పటికే ముఖం కడుక్కొని, ఉతికిన చీర కట్టుకొని వాకిట్ల నిలవడ్డది. "ఎందుకు ఇంతమంది? నేను దిగిన గద. ముఖం వాళ్ల చేతికి పోయింది, ఇగ వేలు దాసుకొని ఏం జేస్త?" అన్నది. అందరి కంటె ముందు వేలు పెట్టి వచ్చింది. అంతకుముందు ఆమె లెక్కనే దిగమని మొండికేసిన ఇండ్లు ఇంక మూడు ఉండె. లస్మవ్వనే పెట్టినంక మనదెంత అని వాళ్లు గూడ పెట్టిండ్రు.

రాజయ్యకు నౌకరి వచ్చింది. నాకు నల్లా వచ్చింది. పెండ్లిల ఫోటోలు తీసేటోడు వస్తే మా అవ్వ వంటల కాడికి పోయింది, తలంబ్రాల ఫోటోల ఆమె కూసునే కుర్చీ ఖాళీగ ఉంటది. మాతోని క్వార్టరుల ఉన్నది. తిన్నది, పన్నది, నా బిడ్డను ఎత్తుకొని పెంచింది. మాట్లాడలే అని కాదు. ఉప్పు తక్కువైందన్నది, బట్టలు ఆరినయి తియ్యమన్నది. కాని ఇగ ఎన్నడు నన్ను కొమ్రీ అనలే. "ఏమమ్మా" అనేది, పక్కింటామెను పిలిచినట్టు. పింఛను కాయితానికి ఫోటో కావాలంటే, "ఒకపారి దిగిన, సాలు" అన్నది. ఎంత చెప్పినా కదలలే. ఆ పింఛను ఎన్నడు రాలే.

దినాం మధ్యాన్నం ఓపెన్‌కాస్టుల బాంబులు పేలిస్తే క్వార్టరు గోడలు అదిరేటియి, గిన్నెలు గలగలమనేటియి. గా యాళ్లకు మా అవ్వ ఎక్కడున్నా వచ్చి గోడకు అరచెయ్యి ఆనిచ్చి నిలవడేది. అదురు ఆగేదాక. పసిపిల్లకు జరమొస్తే కడుపు మీద చెయ్యి పెట్టి చూసినట్టు. ఒకనాడు డంపరు నడిపే రాజయ్య డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు ఇడుసుకుంట, "అత్తా, ఇయ్యాల మన ఈతచెట్టు మడి కాడ పని" అన్నడు. ఆమె బియ్యంల రాళ్లు ఏరుతున్నది. "చెట్టు ఉన్నదా?" అని అడిగింది. రాజయ్య నవ్విండు. "ఎక్కడి చెట్టు అత్తా! చెట్టు ఉన్న నేల ఇప్పుడు మా నెత్తి మీద ఆకాశంల ఉంటది. గంత కిందికి పోయినం." ఆమె చాట కింద పెట్టి, "అయితే నా మడిల మీరు శానమంది దిగిండ్రన్నట్టు" అన్నది. రాజయ్య ఆనాడు బువ్వ సరిగ తినలే. రిటైరయినంక దగ్గుతోని మంచాన పడ్డప్పుడు గూడ ఆ మాటే తలుసుకునేటోడు. "మీ అవ్వ గట్లెందుకన్నదే" అనుకుంటనే పోయిండు.

మా అవ్వ అంతకు శాన ముందే పోయింది, ఒక చలికాలం, రెండు దినాల జరంతోని. దినాల నాడు అందరి ఇండ్లల్ల ఫోటోకు దండ ఏస్తరు. మేము ఒట్టి గోడకు బొట్టు పెట్టినం. ఆమె చెయ్యి ఆనిచ్చే జాగ అది. నూనె చేతుల మరక ఉండె. క్వార్టరు ఇడిసేనాడు ఆ గోడ ఎత్తుకొని రాలేం గద.

మేడం మళ్ల వస్తనన్న నెల, నాకు ఇంట్ల కాలు నిలువలే. ఒకనాడు స్వరూపకు చెప్పకుంట ఆటో మాట్లాడుకొని ఊరి దిక్కు పోయిన. తొవ్వ ఒక కాడ తెగిపోయింది, ముంగట మట్టిగుట్ట. దాని మీద సర్కారు తుమ్మ మొలిచింది. అండ్ల కిందనే మా ఇల్లు, కుడితి గోలెం, సాంపి వాకిలి. ఆటో ఆయన, "ఏడికి పోవాలె అవ్వా?" అంటే, "ఇదే" అన్న. పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. నేను కోరుకున్న నల్లాల నీళ్లు నలభై ఏండ్లు తాగిన. కాదనను. వాగుల చెలిమ తోడే కష్టం నా బిడ్డకు లేదు, ఆమె చదువుకున్నది. కాని మా అంగన్‌వాడీ పిల్లలను అడుగు, బియ్యం ఏడికెంచి వస్తయంటే దుకాణం నుంచి అంటరు. మా ఊర్ల ముప్పై నలభై ఇండ్లు ఉండె, అందరికి మడి దిగుడు ఎరికే. ఇయ్యాల నాతోని ఒడ్డు మీద నిలవడి, ముసురు చూసి, నాటుకు పోదామా అనేటోళ్లు ఒక్కలు లేరు. నా కాళ్లకు మాత్రం ఇంకా ఎన్కకు నడుసుడు వస్తది. మొన్న ఇల్లు అలుకుతుంటే గట్లనే ఎన్కకు పోయి బక్కెటు మీద పడ్డ.

మేడం చెప్పిన మాట తప్పలే. వచ్చింది. పెద్దగ చేయించి తెచ్చింది, మూరెడు ఉన్నది. "ఇదేనా చూడండి" అని కాయితం ఇప్పింది. స్వరూప నా భుజం పట్టుకున్నది. నేను ముందు ఈతచెట్టు చూసిన. తర్వాత వంగిన వీపులు, కనకవ్వ, ఆనాడు మాతోని నాటుకు వచ్చిన రాజేశ్వరి, నేను. నడుమ గొంగడి కొప్పెర. కొప్పెర కింద మా అవ్వ ముఖం ఉండాలె.

ముఖం లేదు.

చెయ్యి ఉన్నది. ముఖానికి అడ్డంగ చాపిన అరచెయ్యి, అయిదు వేళ్లు ఇడమరిచి, మణికట్టు దాక బురద, వేళ్ల సందుల రెండు నారు పోసలు ఏలాడుతున్నయి. అంచుకు ఒక చెవి, చెవి కమ్మ, గంతే. నేను కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చూసిన, చెయ్యి ఎన్క ఏమన్న కనవడుతదేమో అన్నట్టు. ఇన్నేండ్లు ఎదురుచూసిన ముఖం. ఏడుపు వచ్చింది. గొంతు ఇడిసి ఏడ్చిన, పక్కింటోళ్లు వచ్చిండ్రు.

ఏడుపు ఆగినంక మేడం మెల్లగ, "వెనుక నాన్నగారు పెన్సిల్‌తో రాసి పెట్టారు. పుస్తకంలో అదే వేస్తున్నాం" అని చదివింది: "ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్న రైతు మహిళ."

"ఎండకా?" అన్న.

"అట్లా రాశారండీ."

"ఎండ ఏడున్నది మేడం? నెత్తి మీద గొంగడి ఉన్నది, కనవడుతలేదా? నీళ్లల్ల చినుకులు పడుతున్నయి చూడు, సుక్కలు సుక్కలు. ముసురు. ఎండకు గాదు అది. మీ నాయినకు అడ్డం పెట్టింది."

అని అనంగనే నాకే సమజైంది. నోట్లకెంచి మాట వచ్చినంక. ముఖం వాళ్ల చేతికి పోయిందన్నది గద ఆమె. పోలే. చెయ్యి ముందు లేసింది, టక్కు మనుడు తర్వాత. 'వచ్చింది' అని సారు ఒర్లిండు, ఆ మాట విని ఆమె దిగిన అనుకున్నది. నేను తల వంచుకున్న, చూడలే. ఎవ్వలం చూడలే. ఫోటో డబ్బాల ఉండె, డబ్బా సారు మెడల ఉండె, హైదరాబాద్ పోయింది, పెట్టెల పడి ఉన్నది. మా ఊరి లెక్క ప్రకారం మా అవ్వ దిగలే. దిగలేదని ఎరికైతే ఆమె వేలు పెట్టకపోయేది.

నేను ఎడ్డిదాన్ని కాదు. వేలు పెట్టకున్నా భూమి ఆగకపోయేది. అంత పెద్ద బొంద ఒక్క ఆడామె వేలుకు ఆగుతదా. అందరి కింద నేల పోయినట్టే ఆమెది గూడ పోయేది. కాని ఆమె ఇయ్యకుంట పోయేది. నా బిడ్డే నన్ను దింపింది అనుకుంట సావకపోయేది. నన్ను కొమ్రీ అని పిలుసుకుంట సచ్చేది. ఈ ముక్క రాసేకాడ స్వరూప కలం ఆపి, "అమ్మా, ఇది ఉంచాల్నా?" అన్నది. ఉంచు బిడ్డా. ఇది ఉంచేతందుకే మిగిలింది చెప్పిన.

మేడంను అడిగిన, "ఆ మాట తీసి నేను చెప్పింది రాస్తవా?" అని. ఆమె కలం తీసింది. "లస్మవ్వ" అన్న. రాసింది. "తుమ్మలవాడ." రాసింది. "దిగలే."

కలం ఆగింది. "దిగలే అంటే… ఎక్కడికి దిగలేదండీ? చదివేవాళ్లకు అర్థం కాదేమో."

"కాకపోనీ. తుమ్మలవాడోళ్లకు అయితది."

స్వరూప కొంగుతోని కండ్లు తుడుసుకుంట అన్నది, "తుమ్మలవాడోళ్లు ఇంకెవ్వలున్నరే అమ్మా?"

"నేనున్న గద" అన్న. "రాయి మేడం."